మల్కాపురం చరిత్ర: శుభ్రేంధనం ఎవరికి శుభ్రం?

విశాఖపట్నం పటంలో మల్కాపురాన్ని వెతికేవారికి ఒక ఆనవాలు చెబుతాను. సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ మీద వేలు పెట్టి, యారాడ కొండల వరుస వెంట పడమటికి జరపండి. ఆ వరుసకు ఉత్తరాన, లోపలి రేవుకు నైరుతిగా, కొండకూ రేవుకూ నడుమ ఇరుక్కున్న జనావాసమే మల్కాపురం. సింధియా, మల్కాపురం, శ్రీహరిపురం మీదుగా గాజువాక వైపు సాగే ఆ ఒక్క రోడ్డు మీద ఆంధ్రదేశపు పారిశ్రామిక చరిత్రలో పెద్ద భాగమే దొరుకుతుంది. పర్యాటకులకు మాత్రం అది యారాడ బీచికి పోయే దారి, అంతే.

ఉత్తరాన కైలాస కొండల వరుస, దక్షిణాన యారాడ కొండలు, తూర్పున సముద్రం. ఈ అమరికను పర్యావరణ నిపుణులు గిన్నెతో పోలుస్తారు. చలికాలపు తెల్లవారుజాముల్లో పైన వెచ్చని గాలి మూతలా పరుచుకొంటే, గిన్నెలోని పొగ గిన్నెలోనే ఉండిపోతుంది. గిన్నె అడుగున ఉన్నది మల్కాపురం. ఇప్పుడు శుభ్రేంధనం పేరిట లక్షల కోట్ల రూపాయలు ఈ తీరానికి తరలివస్తున్నాయన్న వార్తలు చదివినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. ఇన్నేళ్లుగా ఈ గిన్నె అడుగున ఊపిరి పీల్చినవారి పద్దులో ఆ సొమ్ము ఏ గడిలో జమ అవుతుంది? ఆ సందేహం తీర్చుకోవాలంటే కొంత వెనక్కి వెళ్లక తప్పదు.

నేటి లోపలి రేవు ఒకప్పుడు ఉప్పునీటి చిత్తడి నేల. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని తూర్పు తీరానికి చేర్చడం నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే వారి అవసరం. రాయపూర్–విజయనగరం రైలుమార్గమూ విశాఖ రేవూ ఒకే ఆలోచనకు రెండు కొసలు. చిత్తడిని తవ్వి, రెండు పాత ఓడలను రాళ్లతో నింపి అలలకు అడ్డుగా ముంచి, 1933లో రేవును తెరిచారు. 1941 జూన్ 21న వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ తలపెట్టిన నౌకానిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యుద్ధం ముగిసి, స్వాతంత్ర్యం వచ్చి, 1948 మార్చి 14న 'జల ఉష' అనే ఓడను నెహ్రూ గారు నీటిలోకి విడిచారు. కంపెనీ ఏనాడో హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారినా, బస్సు కండక్టరు మాత్రం నేటికీ "సింధియా, సింధియా" అనే కేకేస్తాడు.

మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లాలోని ఒక మెట్టపల్లె నుంచి ఈ రోడ్డుకు వచ్చి చేరినవారే. ఆ తరంలో ఇక్కడికి వచ్చినవారిలో చాలామందిది అదే దారి: వాన పడని ఏడాది, తెలిసినవారి చిరునామా, ఒక రేకుపెట్టె. వారికి ఈ కర్మాగారాల మీద పగ లేదు. ఆయన చివరిదాకా సైరను మోతను బట్టే గడియారం సరిచేసుకొనేవారు. ఈ విషయం ముందే చెప్పడానికి కారణం ఉంది. కర్మాగారమంటే విషమనీ, ఊరంటే అమృతమనీ చెప్పే కథలు మల్కాపురానికి అతకవు. ఇక్కడ పొగ పెట్టిన గొట్టమే అన్నమూ పెట్టింది.

1957లో కాల్‌టెక్స్ వారి చమురు శుద్ధికర్మాగారం మొదలైంది. తూర్పు తీరంలో అటువంటిది అదే మొదటిది. నాటి సామర్థ్యం ఏడాదికి 6.75 లక్షల టన్నుల ముడిచమురు. 1976లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొన్నది, 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసిపోయింది. ఈలోగా 1967లో కోరమండల్ ఎరువుల కర్మాగారం వచ్చింది, 1977లో హిందుస్థాన్ జింక్ వారి కొలిమి వెలిగింది. జింక్ కొలిమి ఇప్పుడు లేదు, 'జింక్ గేటు' అన్న మాట మిగిలింది. శుద్ధికర్మాగారం మాత్రం పెరుగుతూనే వచ్చింది. 83.3 లక్షల టన్నులున్న సామర్థ్యాన్ని ఇటీవలి ఆధునికీకరణతో 1.5 కోట్ల టన్నులకు పెంచారు. అంటే, 1957 నాటితో పోలిస్తే 22 రెట్లు. కొండలు జరగలేదు, రేవు జరగలేదు, ఊరూ జరగలేదు.

ఇక 1997 సెప్టెంబరు 14. ఆదివారం, తెల్లవారిన కొద్దిసేపటికి, ఓడ నుంచి వచ్చే వంటగ్యాసు కారి అంటుకొన్నది. దాదాపు 60 మంది మరణించారు. మల్కాపురం, దాని చుట్టుపక్కల పేటలు కట్టుబట్టలతో ఖాళీ అయ్యాయి. 2013 ఆగస్టు 23న అదే ఆవరణలో కూలింగ్ టవరు దగ్గర పేలుడు జరిగి ఇరవైమందికి పైగా పోయారు. వారిలో అధికులు కాంట్రాక్టు కూలీలు. ఈ మాటను ఇక్కడి భాషలో అర్థం చేసుకోవాలి. ఈ రోడ్డు మీద పెళ్లిచూపులలో కులగోత్రాల కంటే ముందు వచ్చే ప్రశ్న "పెర్మినెంటా, కాంట్రాక్టా?" అన్నది. అదొక వర్ణవ్యవస్థ అంటే అతిశయోక్తి కాదు. పెర్మినెంటు ఉద్యోగికి క్వార్టర్లు ఉంటాయి, ఆసుపత్రి ఉంటుంది, కొన్నాళ్లకు నగరపు మరో కొసన, సముద్రపు గాలి తగిలే చోట సొంత ఇల్లు కూడా అమరుతుంది. కాంట్రాక్టు మనిషి మల్కాపురంలోనే అద్దెకుంటాడు. పని దగ్గర ఒకసారి, ఇంటి దగ్గర ఒకసారి అదే గాలి పీలుస్తాడు.

2009 డిసెంబరులో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే 'అతి తీవ్రంగా కలుషితమైనది' అని లెక్క. అలా దాటిన 43 ప్రాంతాలలో విశాఖపట్నం ఒకటి. 2010 జనవరిలో అక్కడ కొత్త పరిశ్రమల అనుమతులు ఆపారు, కొంతకాలానికి మళ్లీ ఇచ్చారు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమంలోనూ విశాఖ పేరు ఉంది. అయితే ఇక్కడొక విచిత్రం గమనించాలి. చాలా ఏళ్లపాటు ఈ నగరపు గాలిని రాత్రింబవళ్లు కొలిచి జాతీయ పటం మీద చూపిన కేంద్రం ఒక్కటే, అది రామ్‌నగర్ ప్రాంతంలో నగరపాలక సంస్థ పేరిట ఉన్నది. అక్కడక్కడా వారానికి కొన్ని రోజులు చేత్తో నమూనాలు తీసే కేంద్రాలు ఉన్నాయి గాని, పత్రికలలోకి ఎక్కే 'ఈనాటి విశాఖ గాలి' అన్న అంకె మాత్రం కలెక్టరు కచేరీకి, పెద్ద ఆసుపత్రులకు చేరువలో పుట్టేది. గిన్నె అడుగున ఉన్నవారి ఊపిరి ఆ అంకెలో ఎంత ఉందో ఎవరికి వారే ఊహించుకోవాలి.

ఇంతకీ శుభ్రేంధనం. అది మల్కాపురానికి కొత్త కాదు. సౌరఫలకాలకంటే ముందే అది పెట్రోలు, డీజిలు రూపంలో వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమలైన భారత్ స్టేజ్-6 ప్రమాణం ప్రకారం ఇంధనంలో గంధకం పదిలక్షల పాళ్లలో 10కి మించరాదు. అంతకుముందు ఆ పరిమితి 50. మంచి మాటే. విశాఖలో శుద్ధి అయిన ఇంధనం గొట్టపుమార్గాన విజయవాడ మీదుగా సికింద్రాబాదు దాకా పోతుంది, కాబట్టి హైదరాబాదు కూడలిలో ఎర్రదీపం దగ్గర ఆగిన బడిపిల్లవాడికి ఆ మేరకు మేలు జరిగింది. కాని తీసేసిన గంధకం గాలిలో మాయం కాదు. ఉదజనిని ప్రయోగించి, అధిక పీడనం మీద, అధిక ఉష్ణోగ్రతలో దానిని విడదీసి, ముద్దగా పోగుచేస్తారు. ఆ పని చేసే కొలుములూ గొట్టాలూ అదనంగా వెలిసినది మల్కాపురం పక్కనే. అక్కడ ఆ గంధకాన్ని ఒడిసిపట్టే యంత్రాలు ఉన్నాయి, పట్టింది అమ్ముడవుతుంది, అదంతా నిజమే. అయినా నగరాలలో ఇంధనం శుభ్రపడటమంటే, శుద్ధిచేసే చోట యంత్రాలు, పీడనాలు, ప్రమాదాలు పెరగడమని ఎవరూ ప్రకటనలలో రాయరు.

(అన్నట్టు, హైడ్రోజన్‌కు మన పాఠ్యపుస్తకాలు ఇచ్చిన 'ఉదజని' అన్న పేరు నాకెంతో ఇష్టం. ఉదకాన్ని పుట్టించేది. ఈ వ్యాసంలో దానినే వాడతాను. మల్కాపురంలో మాత్రం వాయువు ఏదైనా దాని పేరు 'గ్యాసు'. 1997 తరువాత ఆ మాట అక్కడ ఎవరూ తేలికగా పలకరు.)

సూర్యరశ్మి, గాలి నుంచి వచ్చిన విద్యుత్తుతో నీటిని విడగొడితే వచ్చేది హరిత ఉదజని. విశాఖ శుద్ధికర్మాగారంలోనూ అటువంటి యూనిట్ ఒకటి పెట్టారు. దాని సామర్థ్యం ఏడాదికి 370 టన్నులు, అంటే రోజుకు ఒక టన్ను. కోటిన్నర టన్నుల చమురును శుద్ధిచేసే చోట ఇది పాయసంలో పచ్చకర్పూరం వంటిది. వాసనకు పనికివస్తుంది, ఆకలికి కాదు. దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఏ పనైనా ఒక టన్నుతోనే మొదలవుతుంది. కాని ఈ హరిత యూనిట్టూ, సామర్థ్యాన్ని దాదాపు రెట్టింపు చేసిన విస్తరణా ఒకే ఆవరణలో, దాదాపు ఒకే కాలంలో జరిగాయి. పాతదాని స్థానంలో కొత్తది రాలేదు, పాతదాని పక్కకు వచ్చింది. చరిత్ర రాసేవాడు పట్టుకోవలసిన ముడి ఇదేనని నా అభిప్రాయం.

అసలైన పెద్ద పెట్టుబడి మల్కాపురానికి రానే లేదు. అది నైరుతిగా, అనకాపల్లి జిల్లాలోని పూడిమడక అనే మత్స్యకార గ్రామానికి పోయింది. ఎన్‌టీపీసీ వారి హరిత ఉదజని కేంద్రానికి అంచనా వ్యయం సుమారు 1.85 లక్షల కోట్ల రూపాయలు. రోజుకు 1,500 టన్నుల ఉదజని, 7,500 టన్నుల దాని ఉత్పన్నాలు లక్ష్యం. 2025 జనవరి 8న ప్రధానమంత్రి దీనికి శంకుస్థాపన చేశారు, పూడిమడకలో కాదు, విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇంజనీరింగు కళాశాల మైదానం నుంచి. అదే వేదిక మీద, అదే రోజున, అదే జిల్లాలోని నక్కపల్లి దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ పార్కుకూ శంకుస్థాపన జరిగింది. పూడిమడక ఉన్న అచ్యుతాపురం మండలంలోనే, అంతకు కొద్ది నెలల ముందు 2024 ఆగస్టు 21న, ఒక మందుల కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఒకే తీరం, ఒకే మైదానం, ఒకటి హరితం, మరొకటి తెలిసిన రంగే.

ఇంకొక సంగతి. పూడిమడకలో అదే సంస్థ తొలుత తలపెట్టినది 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం. ఆ ఆలోచన విరమించి, ఉదజని కోసం 2024 ఫిబ్రవరిలో 1,200 ఎకరాలకు రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థతో కౌలు ఒప్పందం చేసుకొన్నారు. వాతావరణం దృష్టిలో బొగ్గుకూ ఉదజనికీ హస్తిమశకాంతరం. తీరాన వల ఆరబెట్టుకొనేవాడి దృష్టిలో మాత్రం రెండింటికీ కంచె ఒకటే. ఈ తీరంలో కంచె ఎట్లా పడుతుందో చెప్పడానికి పాత ఉదాహరణలు చాలు. ఉక్కు కర్మాగారం కోసం 64 గ్రామాలు లేచాయి, భూమి ఇచ్చినవారి చేతికి 'ఆర్-కార్డు' అనే కాగితం వచ్చింది, ఆ కాగితానికి ఉద్యోగం రాక ముసలివారైనవారు వేలమంది. గంగవరం రేవు కోసం మత్స్యకారులను కదిలించినప్పుడు 2006లో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది.

రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రకటించిన సమగ్ర శుభ్రేంధన విధానం 10 లక్షల కోట్ల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు అన్నది. భాగించి చూడండి: ఒక్కొక్క ఉద్యోగానికి కోటి ముప్పైమూడు లక్షలు. ఇటువంటి కర్మాగారాలకు కట్టేటప్పుడు జనం కావాలి, కట్టిన తరువాత అంతమంది అక్కరలేదు. కట్టేవాడు కాంట్రాక్టు, మిగిలేవాడు పెర్మినెంటు. మల్కాపురం వ్యాకరణం ఇక్కడా వర్తిస్తుంది.

ఈ వ్యాకరణం మనకే పరిమితం కాదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ రేవు పక్కన విల్మింగ్టన్ అనే పేట ఉంది. రేవు, చమురు శుద్ధికర్మాగారాలు, వాటి నడుమ ఇళ్లు. అక్కడి నివాసులలో అత్యధికులు మెక్సికో, మధ్య అమెరికా మూలాలున్న లాటినోలు. దాని పటం చూస్తే నాకు మల్కాపురాన్ని అద్దంలో చూసినట్టే ఉంటుంది. అక్కడి రెండు రేవులు కలిసి 2006లో గాలిని శుభ్రపరిచే ప్రణాళిక వేసి, 2008 అక్టోబరు నుంచి పాత డీజిలు లారీలను దశలవారీగా నిషేధించాయి. లారీల మసి చాలావరకు తగ్గింది. పేటలోని పిల్లలకు అది నిజమైన లాభం. కాని కొత్త లారీల ఖరీదు ఎవరు భరించారు? లారీ కంపెనీలు చాలాచోట్ల ఆ భారాన్ని డ్రైవర్ల మీదికే నెట్టాయి. కాగితం మీద వారు 'స్వతంత్రులు', నిజానికి కంపెనీ లారీకే వాయిదాలు కట్టే కూలీలు. వారిలో అధికులు లాటినో వలసదారులే. కొందరికి వారమంతా నడిపినా కోతలు పోగా చేతికి చిల్లరే మిగిలేదని 2017లో ఒక అమెరికా దినపత్రిక విస్తారంగా రాసింది. కొడుకు గాలి బాగుపడింది, తండ్రి అప్పులపాలయ్యాడు. ఇల్లు మాత్రం ఒక్కటే.

షికాగోలో లిటిల్ విలేజ్ అనే మరో లాటినో పేటది మరొక తీరు. అక్కడి క్రాఫర్డ్ బొగ్గు విద్యుత్కేంద్రాన్ని స్థానికులు ఏళ్ల తరబడి పోరాడి 2012లో మూయించారు. ఆ స్థలంలో ఏమి రావాలో నిర్ణయించే అధికారం మాత్రం వారి చేతికి రాలేదు. గిడ్డంగి కట్టదలచిన కంపెనీ 2020 ఏప్రిల్ 11న పాత పొగగొట్టాన్ని పేల్చి కూల్చింది. కరోనా రోజులలో, జనమంతా ఇళ్లలో ఉన్న వేళ, పేట మీద దుమ్ము దుప్పటిలా కప్పుకొంది. బొగ్గు పోయింది, దాని చోట సరుకు లారీలు వచ్చాయి.

ఈ అనుభవాల వల్లనే కాబోలు, 2021 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఒక నియమం పెట్టుకొన్నది: వాతావరణం, శుభ్రేంధనం మీద కేంద్రం పెట్టే ఖర్చుల ప్రయోజనాలలో 40 శాతం ఇటువంటి దెబ్బతిన్న పేటలకు చేరాలని. అమలులో లోపాలు ఉండే ఉంటాయి. ప్రభుత్వం మారగానే 2025 జనవరిలో దానిని రద్దు చేశారు కూడా. అయినా, అటువంటి అంకె ఒకటి నాలుగేళ్లపాటు ప్రభుత్వ కాగితం మీద ఉండటమే విశేషం. మన విధానపత్రాలలో మెగావాట్లకు అంకె ఉంది, కోట్లకు ఉంది, ఉద్యోగాలకు ఉంది. మల్కాపురానికో పూడిమడకకో ఇంత అన్న అంకె నాకు కనబడలేదు. కంపెనీల సామాజిక బాధ్యత పేరిట వచ్చే బస్సుషెల్టర్లు, మంచినీటి యంత్రాలు ఆ అంకెకు బదులు కావు. దానం వేరు, వాటా వేరు.

ఒక చిన్న లెక్కతో పూడిమడక సంగతి ముగిస్తాను. కిలో ఉదజనికి రసాయన సూత్రం ప్రకారమే 9 లీటర్ల మంచినీరు కావాలి. రోజుకు 1,500 టన్నులంటే 1.35 కోట్ల లీటర్లు, తక్కువలో తక్కువ. సముద్రతీరాన ఇంత నీటికి సముద్రాన్నే వడకట్టాలి. వడపోతలో పోసిన నీటిలో సుమారు సగం ఉప్పు చిక్కబడి వెనక్కి వస్తుంది, అది మళ్లీ సముద్రంలోకే పోవాలి. దూరంగా, లోతుగా, పలుచన చేసి వదిలితే హాని తగ్గించవచ్చు. తీరం దగ్గరే వదిలితే చేప దూరం జరుగుతుంది. కాబట్టి, ఈ కేంద్రం గురించి పూడిమడక మత్స్యకారుడు అడగవలసిన మొదటి ప్రశ్న గొట్టం చివర ఎక్కడ అన్నది. రెండవది, ఉదజనిని ఎగుమతికి అమ్మోనియాగా మారిస్తే దాని నిల్వ ఊరికి ఎంత దూరం అన్నది. హరిత అమ్మోనియా అయినా, మామూలు అమ్మోనియా అయినా అణువు ఒక్కటే, కారితే కళ్లు మండటమూ ఒక్కటే. రంగు దాని పుట్టుకలో ఉంది, దాని గుణంలో లేదు. ఎరువుల కర్మాగారం నీడన అరవై ఏళ్లుగా బతుకుతున్న మల్కాపురం వారికి ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. వారిని పూడిమడక తీసుకుపోయి మాట్లాడిస్తే బాగుండునని నాకు అనిపిస్తుంది.

మల్కాపురం వాదనకు ఎప్పుడూ అడ్డుపడిన లోటు మరొకటి ఉంది. కర్మాగారాలకు ముందు ఇక్కడి గాలి, నీరు, చేప ఎట్లా ఉండేవో ఎవరూ కొలిచి పెట్టలేదు. ఏది చెడిందని చూపాలన్నా, చెడకముందటి లెక్క లేదు. పూడిమడకకు ఆ 'ముందు' ఇంకా పూర్తిగా గడిచిపోలేదు. పడవకు ఎంత చేప, ఏ నెలలో ఏ రకం, బావినీటి రుచి, పిల్లల దగ్గు, ఇవన్నీ ఇప్పుడే, ఊరివాళ్ల చేతులతోనే నమోదు కావాలి. ఇక 1957కు ముందటి మల్కాపురాన్ని పిల్లలుగా చూసినవారు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉంటారు. మీ ఇళ్లలోనో, మీ వీధిలోనో అటువంటి తాతలూ అమ్మమ్మలూ ఉంటే, యారాడ కొండ దిగే వాగులలో ఏ చేపలుండేవో, చిత్తడినేలలో ఏ పిట్టలు వాలేవో అడిగి తెలుసుకొని, వారి మాటలలోనే రాసిపెట్టండి.